అశ్వహృదయము, అక్షహృదయము: నెల్లూరు తీరపు అశ్వపరీక్షనుండి గిండీ పందెములవఱకు

పందెమున ఏ గుఱ్ఱము గెలుచునో ముందుగా నిర్ణయించుట విద్యయా, లేక కేవలము అదృష్టమా? ఈ ప్రశ్న నేటి పత్రికలలోని పందెపు పుటలతో పుట్టినది కాదు. గుఱ్ఱమును కొను రాజును, అమ్ము వర్తకుడును, నడుపు రౌతును, ఒడ్డు జూదరియు వేర్వేఱు కాలములందు ఈ ప్రశ్ననే వేర్వేఱు రీతుల ఎదుర్కొనిరి. 1996లో భారత సర్వోన్నత న్యాయస్థానముగూడ దీనికి సమాధానము చెప్పవలసివచ్చెను. ఆ తీర్పునకు మూలమైన వివాదము చెన్నపట్టణపు గిండీ పందెపు మైదానమునకు సంబంధించినది. ఆ మైదానమునకు ఉత్తరముగా సముద్రపుటొడ్డున సాగిపోవు నెల్లూరు సీమలో ఏడు వందల ఏండ్లకు పూర్వమే గుఱ్ఱపు వర్తకమును, అశ్వవిద్యను, జూదమునుగూర్చిన ధర్మవిచారమును ఒకే కాలమున కానవచ్చుచున్నవి. ఈ మూడింటిని కలిపి పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

1. తీరము, తురగము

దక్షిణాపథమున మేలుజాతి గుఱ్ఱములు పుట్టుట అరుదు. ఇచ్చటి ఉష్ణమును, తేమయు, మేతయు వానికి సరిపడవు. కావున రాజులు ఆరబ్బు, పారసీక దేశములనుండి ఓడలపై గుఱ్ఱములను తెప్పించుకొనవలసినవారైరి. తెలుగున ‘తేజి’ యను మాటయే ఈ వర్తకమునకు సాక్షి. అరబ్బు గుఱ్ఱమును తెలుపు పారసీకపు ‘తాజీ’ శబ్దము మన కవుల నోట తేజియై, శ్రేష్ఠమైన గుఱ్ఱమునకెల్ల పేరైనది.

పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ పదునాలుగవ శతాబ్దపు తొలినాళ్లలో వ్రాసిన గ్రంథమున ‘మాబరు’ అను తీరము కులమునుండి నీలావరు వఱకు వ్యాపించియున్నదని చెప్పెను. కులము నేటి కొల్లమనియు, నీలావరు నెల్లూరనియు పండితు లంగీకరించిరి. ఈ తీరమునకు కీష్ ద్వీపపు వర్తకాధిపతి ఏటేట పదునాలుగువందల గుఱ్ఱములను పంపుటకు ఒడంబడిక యుండెననియు, ఒక్కొక్కదాని వెల రెండువందల ఇరువది ఎఱ్ఱబంగారు దీనారములనియు, దారిలో గుఱ్ఱము చచ్చినను ఆ వెల చెల్లింపవలసినదే ననియు అతడు వ్రాసెను. తీరమునకు చేరిన గుఱ్ఱములు ఇచ్చటి మేతవలనను, పోషణ తెలియనివారి చేతులలో పడుటవలనను త్వరలోనే చెడిపోవుచుండెనని గూడ అతడు చెప్పినాడు. మార్కో పోలో సాక్ష్యమును ఇట్టిదే. అశ్వవైద్యులు ఇచ్చట లేరనియు, గుఱ్ఱములు చచ్చినకొలది తమకు లాభమని తలచిన వర్తకులు అట్టివారిని రానీయరనియు అతడు వ్రాసెను. ఈ యాత్రికుల మాటలు ముఖ్యముగా దక్షిణమునందలి పాండ్యరాజ్యమునుగూర్చినవి. వానిని నెల్లూరి రేవులకు అంకెలతోసహా అన్వయించుట సాహసము. కాని వర్తకపు తీరు తెలియుట కవి చాలును.

ఉత్తరమున మోటుపల్లి రేవునందు కాకతి గణపతిదేవుడు 1244–45 ప్రాంతమున వేయించిన అభయశాసనము సుప్రసిద్ధము. గాలివానకు చిక్కి ఒడ్డున పడిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలాత్కారముగా హరించుచుండిరనియు, తాను మాత్రము ముప్పదింట నొకవంతు సుంకము తప్ప అన్యము గొనననియు ఆ రాజు ప్రకటించెను. ప్రాణముకంటె ధనము మిన్నయని తలచి సముద్రయానమునకు తెగించినవారిపై దయచూపుచున్నానని యందు చెప్పబడినది. నెల్లూరు సీమలోని కృష్ణపట్టణమునకు ఆ కాలమున కొల్లితురై, గండగోపాలపట్టణము అను పేరులుండుటయు, తెలుగుచోడుల బిరుదమే రేవునకు పేరగుటయు ఆ రాజులకు సముద్రవర్తకముపై గల శ్రద్ధను తెలుపుచున్నవి. గణపతిదేవుని అశ్వసైన్యమున కధిపతియై పిమ్మట విశాలరాజ్యభాగమును ఏలిన కాయస్థ గంగయ సాహిణి బిరుదమును గమనింపదగినది. సాహిణి యనగా అశ్వశిక్షకుడు. గుఱ్ఱమును ఎఱిగినవాడు మండలాధిపతి కాగలిగిన కాలమది.

విజయనగర కాలమున ఈ వర్తకము ఇంకను విస్తరించెను. సాళువ నరసింహుడు సముద్రముపై చచ్చిన గుఱ్ఱములకు తోకను తెచ్చి చూపినను వెల నిచ్చుచుండెనని పోర్చుగీసు లేఖకుడు నూనిజ్ వ్రాసెను. ఏనుగులను, గుఱ్ఱములను తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరింపవలెననియు, ఆ జంతువులు శత్రువుల చేరకుండ చూడవలెననియు కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున బోధించెను.

ఇట్టి పరిస్థితిలో రేవున దిగిన గుఱ్ఱములలో ఏది నిలుచును, ఏది పరుగెత్తును, ఏది నెలలోపల కూలును అని నిర్ణయింపగలవాని మాటకు ఎంత వెల యుండునో ఊహింపవచ్చును. పందెమున్నను లేకున్నను కొనుగోలే ఒక పెద్ద పందెము.

2. లక్షణశాస్త్రము చూచినదేమి?

శాలిహోత్రుని పేర నిలిచిన సంప్రదాయమును, నకులుని పేరిట నున్న అశ్వశాస్త్రమును, జయదత్తుని అశ్వవైద్యకమును, చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసములోని అశ్వప్రకరణములును సంస్కృతమున ప్రసిద్ధములు. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసము ఈ కోవకు చెందినది. ఈ గ్రంథములలోని విషయమును పరిశీలించినచో మూడు పొరలు కానవచ్చును.

మొదటిది దేహపరీక్ష. పండ్లనుబట్టి వయస్సును నిర్ణయించుట, ఱొమ్ము వెడల్పు, మెడ నిడివి, గిట్టల గట్టిదనము, శ్వాస, కంటి కాంతి, చెమట వాసన, నడక అనువానిని చూచుట ఇందు చేరును. నడకలకు ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని పంచధారలను అమరసింహుడు చెప్పెను. మన లాక్షణికులు రగడలకు హయప్రచారము, తురగవల్గనము అని పేరులు పెట్టుట యాదృచ్ఛికము కాదు. గుఱ్ఱపు నడకలోని మాత్రాభేదమును చెవితో పట్టగలిగినవారే ఛందస్సున కా పేరులు పెట్టియుందురు. నడకను చెవితో పరీక్షించుట నేటికిని అశ్వశిక్షకుల అలవాటు. నాలుగు గిట్టల చప్పుడులో ఒకటి తగ్గినచో ఆ కాలున నొప్పి యున్నట్లు వారు గుర్తింతురు.

రెండవది వర్ణపరీక్ష. నాలుగు కాళ్లును ముఖమును తెల్లనైనచో పంచకల్యాణి యనియు, వానితోపాటు ఱొమ్ము, జూలు, తోకయు తెల్లనైనచో అష్టమంగళమనియు పేరులు. మూడవది ఆవర్తపరీక్ష, అనగా సుడులు చూచుట. కంఠమున సుడియున్నచో దేవమణి యని మెచ్చుకొందురు. మఱికొన్ని చోట్ల నున్న సుడులు యజమానికి కీడు తెచ్చునందురు.

ఈ మూడు పొరలకును ప్రయోజనమున భేదమున్నది. మొదటి పొర గుఱ్ఱము ఏమి చేయగలదో చెప్పును. రెండవది గుఱ్ఱము ఎట్లు కనబడునో చెప్పి, ఊరేగింపునకు తగినదానిని ఏర్పఱచును. మూడవది గుఱ్ఱమునుగూర్చి కాక దాని యజమాని భాగ్యమునుగూర్చి చెప్పును. గ్రంథకర్తలు వీనిని వేఱుచేయలేదు. వేఱుచేయకపోవుటకు కారణము అజ్ఞానమొక్కటియే యనుట న్యాయము కాదు. రెండువందల దీనారముల వెలగల జంతువు ఏ కారణము లేకయే చచ్చుచుండగా, కంటికి కానరాని కారణమునకొక గుర్తు వెదకుట మానవస్వభావము. దేహపరీక్ష ముగిసిన చోట శకునము మొదలగును.

కోడిపందెముల విషయమున ఈ రెండవ మార్గమే బలపడినది. కుక్కుటశాస్త్రమను పేర తెలుగునాట ప్రచారమున నున్న సంప్రదాయము కాకి, డేగ, నెమలి మొదలగు రంగులనుబట్టియు, వారము, నక్షత్రము, దిక్కు అనువానినిబట్టియు గెలుపును నిర్ణయించును. పుంజు బలాబలములకంటె కాలబలమే అందు ప్రధానము.

3. కథలలోని ఎఱుక

నెల్లూరి మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కన సోమయాజి. ఆయనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చినవాడు మూలఘటిక కేతన. ఆ గ్రంథమునకు మూలమైన దండి కృతిలోని ప్రమతి వృత్తాంతమున కోడిపందెపు ఘట్టమొకటి గలదు. తూర్పువాడ కోడి నారికేళజాతిది. పడమటివాడ కోడి బలాకాజాతిది. బలమునను ప్రమాణమునను మిన్నయైనదానిపై తక్కువదానిని ఆలోచింపక వదలిరని ప్రమతి నవ్వుకొని, ప్రక్కనున్న వృద్ధవిటునితో చెప్పును. ఆ వృద్ధుడు మాటాడవలదని సైగచేయును. చివరకు ప్రమతి చెప్పినట్లే పడమటివాడ కోడి ఓడిపోవును. తన వాడ కోడి గెలిచినందులకు సంతసించిన వృద్ధుడు ప్రమతితో స్నేహము చేయును.

ఈ చిన్న ఘట్టమున రెండు విషయములు గలవు. ప్రమతి నిర్ణయమునకు ఆధారము జాతి, బలము, ప్రమాణము, నక్షత్రము కాదు. ఇది మనము పైన చెప్పిన మొదటి పొర. రెండవది వృద్ధుని సైగ. తెలిసినవాడు బయటికి చెప్పినచో ఆ తెలివికి పందెపుటంగడిలో విలువ పోవును. ఎదుటిపక్షమువారికి తెలియనంతవఱకే అది ధనము. జ్ఞానము పంచుకొన్నకొలది పెరుగునను సామాన్యసూత్రము ఇచ్చట చెల్లదు.

ఇంతకంటె గంభీరమైనది అరణ్యపర్వములోని నలోపాఖ్యానము. జూదమున రాజ్యము కోల్పోయిన నలుడు బాహుకుడను పేర అయోధ్యాధిపతి ఋతుపర్ణుని అశ్వశాలలో కొలువుండెను. ఒక్క పగటిలో విదర్భకు పోవలసివచ్చినప్పుడు అతడు బక్కచిక్కిన గుఱ్ఱములను ఏఱెను. ఇవి మమ్మెట్లు మోయునని రాజు శంకించెను. నలుడు సుడులు మొదలగు లక్షణములను చెప్పి, ఇవియే పోగలవని నిర్ణయించెను. అట్లే జరిగెను. దారిలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టును చూచి, దాని రెండు కొమ్మలయందలి ఆకులెన్నియో, కాయలెన్నియో చెప్పెను. కాయలు రెండువేల తొంబదియైదని అతని లెక్క. నలుడు చెట్టును కూల్చి లెక్కించి, ఆ మాట నిజమని గ్రహించి, తన అశ్వహృదయము నతనికిచ్చి అతని అక్షహృదయమును గ్రహించెను. పూర్వము పాచికలుగా వాడబడినవి ఈ తాండ్రకాయలే యనుట మఱువరాదు. సంభావ్యతాశాస్త్రపు చరిత్రను వ్రాసిన ఇయాన్ హ్యాకింగ్ 1975 నాటి తన గ్రంథమున ఈ కథను ప్రస్తావించి, జూదమునకును అంచనా విద్యకును గల సంబంధము భారతదేశమున ఎంత ప్రాచీనమో చూపెను.

ఈ కథలో అశ్వవిద్యయు అక్షవిద్యయు రెండు వేఱు విద్యలుగా నిలిచినవి. గుఱ్ఱములను అంతగా ఎఱిగిన నలుడే పాచికలచే నాశనమయ్యెను. ఒక విద్య ఉన్నంతమాత్రమున రెండవది రాదు. నలోపాఖ్యానమును ధర్మరాజునకు చెప్పిన బృహదశ్వుడు చివర ఆయనకు అక్షహృదయము నుపదేశించెను. తిక్కన భారతరచనను ప్రారంభించిన విరాటపర్వమున ఈ విషయమునకు ఫలము కానవచ్చును. ధర్మరాజు కంకుభట్టై రాజుతో జూదమాడును. నకులుడు దామగ్రంథియై గుఱ్ఱములను కాపాడును. రెండు విద్యలు ఒకే కొలువున, ఇద్దఱు సోదరులయందు విడివిడిగా నిలిచినవి. గుఱ్ఱపు వర్తకమునకు పేరొందిన తీరమున, మంత్రియై రాజకార్యములు నడపిన కవి ఈ పర్వమును తెనిగించుట చరిత్రదృష్టితో చూడదగినది. దామగ్రంథి కొలువు ఆనాటి నెల్లూరి శ్రోతలకు పురాణమాత్రము కాదు. వారి కన్నుల ఎదుటి వృత్తియే.

4. ధర్మశాస్త్రపు విభాగము

మనువు తొమ్మిదవ అధ్యాయమున జూదమును రెండుగా విభజించెను. ప్రాణములేని వస్తువులతో ఆడునది ద్యూతము. ప్రాణులతో ఆడించునది సమాహ్వయము. రెండింటిని రాజు నిషేధింపవలెనని ఆయన మతము. యాజ్ఞవల్క్యుడు, కౌటిల్యుడు మఱొక మార్గమును పట్టిరి. రాజు నియమించిన చోట, అధికారి పర్యవేక్షణలో ఆటను జరుగనిచ్చి, గెలుపులో భాగమును గ్రహింపవలెనని వారి అభిప్రాయము. కౌటిల్యుడు ఆ భాగమును నూటికైదుగా నిర్ణయించెను. మోసగాండ్రను, దొంగలను కనిపెట్టుటకు ఈ ఏర్పాటు ఉపకరించుననుట వారు చూపిన కారణములలో నొకటి. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుని గ్రంథమును కేతన విజ్ఞానేశ్వరీయముగా తెలుగు చేసెను. ఒకే కవి ఒకవంక కోడిపందెపు కథగల కావ్యమును, మఱియొకవంక వ్యవహారధర్మమును తెలుగున నిలిపెనని గుర్తింపవలెను.

ఈ విభాగమున ఒక విశేషమున్నది. ప్రాణియున్నచో నైపుణ్యమున్నదని గాని, ప్రాణిలేనిచో అదృష్టమేయని గాని స్మృతికారులు చెప్పలేదు. వారు చూచినది ఆట సాధనమును, దానివలన కలుగు నష్టమును. నైపుణ్యమా, అదృష్టమా అను ప్రశ్న ఆధునిక న్యాయశాస్త్రము తెచ్చినది.

5. గిండీ పందెములు, గెలుపు గుఱ్ఱపు ఎంపిక

చెన్నపట్టణమున గిండీలో గుఱ్ఱపుపందెములు 1777 నుండియు కలవని ప్రసిద్ధి. మద్రాసు రేసు క్లబ్బు 1896లో ఏర్పడెను. 1899లో చెన్నపట్టణము, నెల్లూరు, బెజవాడలను కలుపు రైలుమార్గము పూర్తియగుటతో, 1953వఱకు ఒకే రాష్ట్రమున నున్న నెల్లూరు సీమకు ఆ నగరము పొరుగూరు వంటిదయ్యెను. తెలంగాణమున ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పోషణలో 1886లో మలకుపేటకు పందెములు మారెను.

పరుగెత్తు గుఱ్ఱములును పూర్వపు తేజీల సంతతియే. బైర్లీ టర్కు, డార్లీ అరేబియను, గొడాల్ఫిన్ అరేబియను అను మూడు తూర్పుదేశపు మగగుఱ్ఱములనుండి ఆంగ్లేయులు థరోబ్రెడ్ జాతిని పెంపొందించిరి. 1791 నుండి వాని వంశావళిని గ్రంథస్థము చేసిరి. నెల్లూరు తీరమున సుడి చూచి నిర్ణయించిన దానిని వారు వంశవృక్షము చూచి నిర్ణయించిరి.

ఒక దినపు పందెములకు ముందు ఎంపిక చేయువాడు చూచునవి ఇవి: గత పందెములలో గుఱ్ఱము పొందిన స్థానము, నాడు మోయవలసిన బరువు, పందెపు దూరము, నేల గట్టిదా తడిసినదా అనుట, బయలుదేరు గడి లోపలిదా వెలుపలిదా అనుట, జాకీ, ట్రెయినరు, ఉదయపు సాధనలో కనబఱచిన వేగము. 1200 మీటర్లు గెలిచిన గుఱ్ఱము 2400 మీటర్లలో నిలువకపోవచ్చును. చివరగా ప్యాడక్కున గుఱ్ఱమును నడిపించుచుండగా రోమకాంతిని, చెవుల కదలికను, అనవసరపు చెమటను, అడుగు తీరును చూతురు. ఈ చివరి పరీక్షను మన అశ్వశాస్త్రకర్తలు చూచినచో తమదియే యని గుర్తించియుందురు.

అయితే ఈ విద్యకు పందెపు నిర్మాణమే ప్రతిబంధకము. హ్యాండికాపు పందెములందు మేటి గుఱ్ఱమునకు ఎక్కువ బరువును, తక్కువదానికి తక్కువ బరువును వేయుదురు. అన్నియు ఒక్కసారి గమ్యము చేరవలెననుట బరువును నిర్ణయించువాని ఆదర్శము. అనగా ఎంచువాని తెలివిని వమ్ముచేయుటయే అతని వృత్తి.

రెండవ ప్రతిబంధకము ఇంకను బలమైనది. టోటలైజేటరను ఏర్పాటున ఒడ్డినవారి ధనమునంతయు ప్రోగుచేసి, నిర్వాహకుల భాగమును పన్నును తీసివేసి, మిగిలినదానిని గెలిచినవారికి పంచుదురు. కావున పందెగాడు పోటీపడునది గుఱ్ఱములతో కాదు, తక్కిన పందెగాండ్రతో. అందఱును మెచ్చిన గుఱ్ఱమునకు వచ్చు ప్రతిఫలము స్వల్పము. ఒక గుఱ్ఱముపై రూపాయి ఒడ్డినచో రెండు రూపాయలు తిరిగివచ్చుననుకొందము. అది మూడుసార్లలో ఒక్కసారి గెలుచునదైనచో, మూడుసార్లు ఒక్కొక్క రూపాయి ఒడ్డినవానికి రెండు రూపాయలే చేరును. అది మేలుగుఱ్ఱమే, ఆ ఎంపిక తప్పు కాదు, అయినను ధనము పోయినది. ఏ గుఱ్ఱము మేలైనదను ఎఱుక అశ్వహృదయము. ఏ వెలకు ఏ అవకాశము తగునను ఎఱుక అక్షహృదయము. పత్రికలలో ప్రకటింపబడు ఎంపికలు సామాన్యముగా మొదటిదానినే చెప్పును. చదివినవారందఱును ఆ గుఱ్ఱముపైననే ఒడ్డుటచే దాని ప్రతిఫలము ఇంకను తగ్గును. దండి వృద్ధవిటుడు ప్రమతిని ఏల వారించెనో ఇచ్చట స్పష్టపడుచున్నది.

6. న్యాయస్థానపు నిర్ణయము

1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును కె. సత్యనారాయణకును జరిగిన వ్యాజ్యమున, రమ్మీ ఆట ప్రధానముగా నైపుణ్యముతో కూడినదని సర్వోన్నత న్యాయస్థానము చెప్పెను. పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుట, ఉంచవలసినదానిని వదలవలసినదానిని నిర్ణయించుట నైపుణ్యమని దాని హేతువు. తమిళనాడు శాసనసభ 1974లో గుఱ్ఱపుపందెములను వానిపై ఒడ్డుటను రద్దుచేయు శాసనమును చేసెను. 1986లో రేసు క్లబ్బును స్వాధీనపఱచుకొనుటకు మఱియొక శాసనమును చేసెను. వీనిపై వచ్చిన కె. ఆర్. లక్ష్మణన్ వ్యాజ్యమున 1996 జనవరిలో న్యాయస్థానము తీర్పు చెప్పుచు, గుఱ్ఱపుపందెమున గెలుపు గుఱ్ఱపు వేగము, ఓర్పు, శిక్షణ, జాకీ నైపుణ్యములపై ప్రధానముగా ఆధారపడుననియు, కావున అది నైపుణ్యక్రీడయనియు, చట్టములు నిషేధించిన జూదమున చేరదనియు నిర్ణయించెను. 1986 నాటి శాసనమును కొట్టివేసెను.

ఈ తీర్పును నలోపాఖ్యానపు వెలుగున చదివినచో ఒక విషయము తేటపడును. న్యాయస్థానము ప్రధానముగా గుర్తించినది అశ్వహృదయమును. గుఱ్ఱములోను రౌతులోను శిక్షకునిలోను నైపుణ్యమున్నదనుట నిస్సంశయము. లక్షణములను, గతచరిత్రను పరిశీలించి ఎంచువానియందును నైపుణ్యమున్నదనుటయు సత్యమే. కాని నైపుణ్యమున్నచోట లాభముండునని దానికి అర్థము కాదు. వాటా తీసివేసిన ధనమును తమలో తాము పంచుకొను సమూహమున, మొత్తముమీద అందఱును కలిసి నష్టపోవుట గణితసిద్ధము. ఒకని నైపుణ్యమునకు ఫలము మఱియొకని నష్టమునుండియే రావలెను. స్మృతికారులు ఈ నష్టమునే చూచిరి. ఆధునిక న్యాయము ఆటయొక్క స్వభావమును చూచినది. ఈ రెండు దృష్టులు పరస్పరవిరుద్ధములు కావు. ఒకటి రెండవదానికి బదులు కాదనుటయే తెలిసికొనవలసినది.

7. ఉపసంహారము

పై విచారమువలన తేలినదేమనగా: నెల్లూరు తీరమున అశ్వపరీక్ష వినోదవిద్యగా కాక, సముద్రవర్తకపు అపాయమునకు రక్షగా విలువ పొందినది. లక్షణగ్రంథములలో దేహపరీక్షయు శకునమును కలిసియుండుటకు ఆ అపాయమే ఒక కారణము. నేటి పందెపు ఎంపికలోను గతచరిత్ర, బరువు, దూరముల ప్రక్కనే అదృష్టసంఖ్యలు నిలుచుటకును కారణమదియే. ఎఱుక ఆగిన చోటును ఒప్పుకొనుట మనుష్యునకు కష్టము. తెలుగు లక్షణగ్రంథములను పరిష్కరించు పరిశోధకులు ఈ మూడు పొరలను వేఱుచేసి, దేహపరీక్షకు సంబంధించిన పదజాలమును అశ్వశిక్షకుల నేటి వాడుకతో పోల్చి చూచినచో, నిఘంటువులు ‘అశ్వవిశేషము’ అని వదలివేసిన మాటలు పెక్కింటికి అర్థము తేలగలదు.

అక్షహృదయమును గ్రహించిన పిమ్మట నలుడు పుష్కరునితో మరల జూదమాడెను. సర్వస్వమును ఒక్క ఒడ్డుగా ఒడ్డి, గెలిచి, తమ్ముని క్షమించి, అతని భాగమును అతనికిచ్చి పంపెను. రెండు విద్యలును సంపూర్ణముగా తెలిసిన ఆ ఒక్క రాజు చేసిన పని ఒకసారి ఆడి మానుట. ఒక విద్య కొంచెముగా తెలిసి, రెండవది ఏ మాత్రమును తెలియక వారము వారము ఒడ్డువారి గతి ఏమగునో చెప్పుటకు అశ్వశాస్త్రమక్కఱలేదు; ఋతుపర్ణుని లెక్క చాలును.